నీరు పల్లమెరుగు, మరి నిజం?

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటాం. ఈ సామెతలో మొదటి సగాన్ని ఎవరూ కాదనరు. విశాఖపట్నానికి ఉత్తరాన సింహాచలం కొండల వరస, కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండ, తూర్పున సముద్రం. కొండల మీద పడ్డ వాన గెడ్డలుగా దిగి, ఊరి మధ్య నుంచి పల్లం వెతుక్కుంటూ వెళ్లి సముద్రంలోనో ఓడరేవు ఉప్పునీటిలోనో కలవాలి. కలిసే ముందు అది దాటే ఆఖరి గుమ్మాలు జాలరిపేట లాంటి తీరపు పేటలవి. పేచీ అంతా సామెత రెండో సగంతోనే. గుమ్మం దాటి నీళ్లు లోపలికొచ్చిన రోజు మన నోట రెండే మాటలు వస్తాయి: ఒకటి దైవం, రెండోది ఖర్మ. రెండూ మతం మనకిచ్చిన మాటలే. అయితే శాస్త్రాల్లో వాటికున్న బరువు వేరు, ముంపు రోజున మనం వాటిని వాడే తీరు వేరు. శాస్త్రంలో అవి విచారణను మొదలుపెట్టే మాటలు. మన నోట విచారణను ముగించే మాటలయ్యాయి. వాననీటి కాలువలు కట్టే ఇంజినీర్లు వేసే ఒక చిన్న లెక్క ఈ మాటలకు పాత బరువును తిరిగి తెచ్చిపెట్టగలదని నా నమ్మకం. ఆ లెక్క పేరు టైమ్ ఆఫ్ కాన్సన్‌ట్రేషన్. తెలుగులో నీరు కూడే కాలం అనుకుందాం.

ఆ లెక్క ఇలా ఉంటుంది. ఒక గెడ్డ నోటి దగ్గర నిలబడి, ఆ గెడ్డలోకి నీరు దిగే నేలంతా ఎంతవరకు ఉందో గీత గీస్తారు. ఆ గీత లోపల, నీటి నడకను బట్టి అన్నిటికన్నా దూరమైన చోటు ఒకటుంటుంది. అక్కడ పడ్డ చుక్క గెడ్డ నోటికి చేరడానికి పట్టే సమయమే నీరు కూడే కాలం. వాన ఒకే జోరుతో కురుస్తుంటే మొదటి నిమిషాల్లో గెడ్డ నోటికి చేరేది దగ్గర నీరు మాత్రమే. తర్వాత నడిమి నీరు వచ్చి దానితో కలుస్తుంది. ఆఖరి చుక్క చేరిన క్షణాన మొత్తం నేల ఒక్కసారిగా అక్కడ హాజరవుతుంది, ప్రవాహం పతాక స్థాయికి చేరుతుంది. అందుకే కాలువ కొలత నిర్ణయించేటప్పుడు ఆ గడువంత సేపు కురిసే వానను లెక్కలోకి తీసుకుంటారు. 1851 ప్రాంతంలో ఐర్లాండు ఇంజినీరు థామస్ మల్వానీ ఈ ఆలోచనకు రూపమిచ్చాడు. 1889లో అమెరికాలోని రోచెస్టర్ మురుగు కాలువల కోసం ఎమిల్ క్విచ్లింగ్ దాన్ని ఊళ్లకు అన్వయించాడు. నేటికీ మన పట్టణాల్లో చిన్న కాలువలన్నీ ఈ పద్ధతిలోనే గీస్తారు: నేల విస్తీర్ణం, వాన జోరు, పడ్డ నీటిలో ఎంత వంతు ఇంకకుండా పారుతుందన్న గుణకం, ఈ మూడింటి లబ్ధమే ప్రవాహం. ఇందులో నన్ను నిలబెట్టేది ఒక్కటే. ముంపు అనే ఫలాన్ని లెక్కగట్టాలంటే అన్నిటికన్నా దూరంగా ఉన్నవాణ్ని ముందు వెతకాలి. వాడు రాకుండా ఫలం పండదు.

ఫలాన్ని చూసి కారణాన్ని వెతకడం మనవాళ్లకు కొత్త కాదు. న్యాయసూత్రాల మీద భాష్యం రాసిన వాత్స్యాయనుడు అనుమానం అనే ప్రమాణాన్ని వివరిస్తూ ఎంచుకున్న ఉదాహరణ వాననీరే. మబ్బు చూసి వాన రాబోతుందనుకోవడం ఒక రకం. నది నిండుగా, వడిగా పారడం చూసి ఎగువన వాన పడిందని గ్రహించడం మరో రకం. ఆ గ్రంథంలోనే రెండో అధ్యాయంలో ఒక ఆక్షేపణ వస్తుంది: దిగువన ఏదైనా అడ్డుపడినా నీరు పెరుగుతుంది కదా, ఎగువ వానే కారణమని ఎలా చెబుతావు? దానికి సమాధానం, ఊరికే నీరు పెరగడాన్ని చూడకు, ఆ నీటి వేగం చూడు, నురగ చూడు, అది మోసుకొచ్చే ఆకులు, పళ్లు, పుల్లలు చూడు అని. జాలరిపేట దగ్గర గెడ్డ నోట్లో ఈ చర్చ ఇప్పటికీ సజీవంగా ఉంది. అలలు ఇసుక మేట వేసి నోరు మూసినా నీరు పెరుగుతుంది. పోటు మీదున్న సముద్రం ఎదురు తన్నినా పెరుగుతుంది. అప్పుడు నీరు నల్లగా, చలనం లేకుండా, మురుగు వాసనతో మెట్టు మెట్టూ ఎక్కుతుంది. కొండ నీరు వేరు. ఖొండలైటు రాతి మీది ఎర్రమట్టిని కలుపుకుని, పాల పాకెట్లనూ ఎండుకొమ్మలనూ కొబ్బరి డొక్కలనూ తోసుకుంటూ, నురగతో, చప్పుడుతో వస్తుంది. ఈ రెంటికీ తేడా తెలుసుకున్నవాడికే కారణం చేతికి దొరుకుతుంది. ముంపును చూసి దైవం అనేసినవాడు నురగనూ చూడలేదు, రంగునూ చూడలేదు. అతను చూపింది భక్తి కాదు, అజాగ్రత్త.

ఇక అసలు విషయానికి వస్తాను. మన దర్శనాలు ఎన్నిటిలో విభేదించినా, కర్మను ఒప్పుకున్న దర్శనాలన్నీ ఒక దోషానికి భయపడతాయి. దాని పేరు కృతహాని, అకృతాభ్యాగమం. చేసినవాడికి తాను చేసినదాని ఫలం దక్కకపోవడం మొదటిది. చేయనివాడి నెత్తిన ఫలం వచ్చి పడటం రెండోది. ఏ సిద్ధాంతమైనా ఈ దోషానికి దారితీస్తే దాన్ని పక్కన పెట్టాల్సిందేనని వాదించుకున్నారు. ఇప్పుడు ఒక కొండవాలును ఊహించుకుందాం. పొడవు 1,500 మీటర్లు, పై నుంచి కింది దాకా దిగుడు 150 మీటర్లు. తుప్పలు, గడ్డి, రాళ్ల మధ్య మట్టి ఉన్నప్పుడు ఆ వాలు మీద కొస చుక్క కిందికి రావడానికి, బాగా వాడుకలో ఉన్న కిర్పిచ్ సూత్రం ప్రకారం, సుమారు 13 నిమిషాలు పడుతుంది. అదే వాలు మీద స్లాబులూ సిమెంటు రోడ్లూ పరిస్తే ఆ గడువును 0.4తో గుణించమంటారు. అంటే 5 నిమిషాల పైచిలుకు. కింద చదునులో 900 మీటర్ల కాలువ ఉండి, అందులో నీరు సెకనుకు మీటరు చొప్పున నడిస్తే ఇంకో 15 నిమిషాలు. మొత్తం 28 నిమిషాల గడువు 20కి దిగింది. ఎనిమిది నిమిషాలే కదా అనిపిస్తుంది. కానీ కుండపోత ఎప్పుడూ కొద్దిసేపే ఉంటుంది. గడువు ఎంత తగ్గితే లెక్కలోకి తీసుకోవాల్సిన వాన జోరు అంత పెరుగుతుంది. దానికి తోడు, ఒకప్పుడు పది వంతుల్లో మూడు వంతులు పారిన నీరు ఇప్పుడు ఎనిమిది వంతులు పారుతుంది. ఈ రెండో మార్పొక్కటే ప్రవాహాన్ని రెండున్నర రెట్లు దాటిస్తుంది. కాలువ మాత్రం పాత వెడల్పులోనే ఉంది. స్లాబు వేసుకున్నవాడి వాకిలి నిమిషాల్లో ఆరిపోయింది. అది అతని చేత ఫలం, కానీ అతని దగ్గర లేదు. తీరాన వల బాగుచేసుకునేవాడి గుమ్మం మునిగింది. అది అతను చేసింది కాదు, కానీ అతని దగ్గరికే వచ్చింది. తర్కంలో దోషమని పండితులు తోసిపుచ్చినదాన్ని మనం సిమెంటుతో కట్టాం. నీరు కూడే కాలాన్ని నిజాయితీగా లెక్కగట్టడమంటే ఈ దోషం ఎంత మేరకు జరిగిందో నిమిషాల్లో చెప్పడమే. అందుకే దాన్ని ధర్మకార్యమంటున్నాను.

దీనికి మొదటి ఆక్షేపణ వినయం రూపంలో వస్తుంది. వాన మన చేతిలో లేదు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినటువంటి రోజున మనిషి లెక్కలేపాటి అంటారు. నిజమే. అలాంటి రోజు కోసం ఏ వీధి కాలువా కట్టరు, కట్టలేరు. దైవానికి వాటా ఉందని నేనూ ఒప్పుకుంటాను. కాని గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ కార్యానికైనా ఐదు కారణాలు చెబుతూ అధిష్ఠానం, కర్త, సాధనాలు, చేష్టలు ఇవన్నీ చెప్పాకే దైవాన్ని ఐదోదిగా చేర్చింది. మొదటి నాలుగింటినీ చెరిపేసి ఐదోదాన్ని మాత్రమే మిగుల్చుకోమని ఎక్కడా అనలేదు. మన లెక్కలో వాన జోరు ఐదో కారణం వంటిది. నేల, నేల మీద మనం పరచినది, కాలువ, కాలువలో మనం పారేసినది మిగిలిన నాలుగు. మన గడ్డ మీద పుట్టిన ఒక పాత వ్యాజ్యంలోనూ ఈ విభజన కనిపిస్తుంది. ఇప్పటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వానలకు తెగి రైలు మార్గాన్ని దెబ్బతీశాయి. మద్రాసు రైల్వే కంపెనీ దావా వేసింది. 1874లో ప్రీవీ కౌన్సిల్ జమీందారును బాధ్యుణ్ని చేయలేదు. చెరువులను నిలబెట్టడం అతని సొంత లాభం కోసం కాదని, ప్రజల కోసం తరాలుగా వస్తున్న విధి అని, అజాగ్రత్త రుజువైతే తప్ప బాధ్యత ఉండదని చెప్పింది. ఈ తీర్పును దైవం మీదికి నెట్టేయడానికి అనుమతిగా చదవడం పొరపాటు. విధిని నెరవేర్చినవాడికే దైవం అనే మాట రక్షణగా దక్కింది. పూడిక తీయనివాడు, గెడ్డ మీద గోడ కట్టినవాడు ఆ మాట ఎత్తడానికి అర్హుడు కాడు.

రెండో ఆక్షేపణ ఇంతకన్నా బలమైనది. నా డాబా రెండు వందల గజాలు. దాన్ని తీసేసినా గెడ్డలో నీరు వెంట్రుకవాసి తగ్గదు. అలాంటప్పుడు ముంపుకి నేను కారణమెలా అవుతాను? తర్కం చదువుకున్నవాళ్లు దీన్ని ఇంకా చక్కగా చెప్పగలరు. కుండకు కుమ్మరి, మట్టి, చక్రం కారణాలే గాని మట్టి మోసిన గాడిద కారణం కాదంటారు. అది లేకపోయినా మట్టి ఎలాగో చేరేది. నేనూ ఆ గాడిదలాంటివాణ్నే అని కొండ మీది గృహస్థు వాదం. ఇక్కడే నీరు కూడే కాలం నిర్వచనం తీర్పు చెబుతుంది. పతాక ప్రవాహమంటే అర్థమే అందరి నీరూ ఒకే క్షణాన ఒకేచోట ఉండటం. అందులో ఒక్కొక్కరి వాటా వారి వారి విస్తీర్ణానికీ, పరచిన సిమెంటుకీ సరిగ్గా తగినంత ఉంటుంది. గాడిద బదులు బండి మట్టి తేవచ్చు. నా డాబా నీటి బదులు మరెవరి నీరూ రాదు, ఎవరి నీరు వారిదిగానే వచ్చి చేరుతుంది. వాటా చిన్నది కావడం వాటా లేకపోవడం కాదు. హుండీలో రూపాయి వేసినవాడు తన పుణ్యం సున్నా అనుకోడు, కోట్ల మధ్య నా రూపాయి లెక్కకు రాదనీ అనడు. పుణ్యం విషయంలో చిల్లరను లెక్కపెట్టే మనం బాధ్యత విషయంలో మాత్రం చిల్లరను కొట్టేయడం న్యాయం కాదు. దూరాన ఉన్నానన్న మాట అసలు చెల్లదు, ఎందుకంటే లెక్క మొదలయ్యేదే దూరాన ఉన్నవాడి నుంచి.

మూడో ఆక్షేపణ ఇంజినీర్ల వైపు నుంచే వస్తుంది. ఈ గడువు ఒక అంచనా మాత్రమే. సూత్రం మారితే జవాబు మారుతుంది. ఇంత నిలకడలేని అంకె మీద నీతిని నిలబెట్టవచ్చా? కిర్పిచ్ 1940లో ప్రకటించిన సూత్రం అమెరికాలోని టెన్నెసీలో చిన్న చిన్న వ్యవసాయ క్షేత్రాల కొలతల నుంచి పుట్టింది. దాన్ని తెచ్చి తూర్పు కనుమల అంచున, స్లాబుల మధ్య, తీగల్లా మెలికలు తిరిగే గెడ్డలకు వాడితే తేడా వస్తుంది, వచ్చి తీరుతుంది. కానీ అంకె అస్థిరమైనప్పుడు ఏ వైపు తప్పుతున్నామన్నదే నీతి ప్రశ్న అవుతుంది. గడువును ఎక్కువగా చూపితే వాన జోరు తక్కువవుతుంది, కాలువ ఇరుకవుతుంది, ఖర్చు తగ్గుతుంది. ఆ తప్పు తాలూకు నీరు దిగువవాడి ఇంట్లో తేలుతుంది. గడువును తక్కువగా చూపితే కాలువ అవసరానికి మించి వెడల్పవుతుంది; ఆ తప్పు తాలూకు డబ్బును ఊరంతా పంచుకుని మోస్తుంది. రెండూ తప్పులే, కాని ఒకటి బలహీనుడి మీద పడే తప్పు, రెండోది అందరి మీద సమంగా పడే తప్పు. తెలియనప్పుడు ఏ తప్పు వైపు ఒరగాలో ధర్మం తెలిసినవాడికి చెప్పనక్కర్లేదు. అంకెల్లో నీతి దాగి ఉంటుందనడానికి మరో సాక్ష్యం ఉంది. మురుగు కాలువల మీద కేంద్ర ప్రభుత్వం తరఫున 1993లో వచ్చిన మాన్యువల్‌లో, ఏ ప్రాంతం ఎన్నిసార్లు మునిగినా సహించవచ్చో ఒక జాబితా ఉంది. ఖరీదైన వ్యాపార ప్రాంతాలు రెండేళ్లకోసారి. నగరం నడిబొడ్డున ఖరీదైన నివాసాలు ఏడాదికోసారి. శివారు నివాసాలు ఏడాదికి రెండుసార్లు. నేల ఖరీదును బట్టి ముంపును పంచారు. 2019 నాటి కొత్త మాన్యువల్ ఈ గడువులను పెంచింది, అది మంచి మార్పే. అయినా ఆ పాత పట్టిక మనకొక సంగతి నేర్పి వెళ్లింది. ఎవరి ఇల్లు ఎన్నిసార్లు మునగవచ్చన్న ప్రశ్నకు గణితంలో జవాబు లేదు. జవాబు మన మనసులో ముందే ఉంటుంది, గణితం దాన్ని అమలు చేస్తుంది.

నాలుగో ఆక్షేపణను గట్టిగా అనరు, లోలోపల అనుకుంటారు. అంత పల్లంలో ఉండమని ఎవరన్నారు, అది వాళ్ల ప్రారబ్ధం అని. జాలరి సముద్రం ఒడ్డునే ఉండాలి. తెప్ప దిగేదీ, వల ఆరేదీ, చేప చేరేదీ అక్కడే. పైగా పెద్ద జాలరిపేట వెనక మువ్వలవానిపాలెం పేరు మీద ఎం.వి.పి. కాలనీ వెలవకముందే ఆ పేట అక్కడ ఉంది. పల్లం ముందే ఉంది, దాని మీదికి నీటిని తొందరపెట్టింది తర్వాత వచ్చినవాళ్లం. అసలు ప్రారబ్ధం అన్న మాటను జాలరులే ఇంత తేలిగ్గా వాడరు. అమెరికా మానవశాస్త్రవేత్త చార్లెస్ నకల్స్ విశాఖ జాలరుల మధ్య పరిశోధన చేసి 1996లో ఒక పుస్తకం వెలువరించాడు. పిల్లవాడికి జబ్బు చేసినా, వలలో చేప పడకపోయినా వాళ్లు గవ్వలు వేయించి ఏ అమ్మవారికి కోపం వచ్చిందో అడుగుతారు. ప్రశ్న అక్కడితో ఆగదు. అమ్మవారికి కోపం ఎందుకొచ్చింది? తీర్చని మొక్కు ఏది? అన్నదమ్ముల మధ్య తెగని తగవు ఏది? కష్టం వచ్చిన చోటు నుంచి వెనక్కి నడిచి, చెడిపోయిన ఏదో ఒక సంబంధం దగ్గరికి చేరుకుంటారు. దాన్ని బాగుచేస్తే తప్ప పూజ పూర్తికాదు. ఈ నమ్మకాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది వేరే సంగతి. దాని నడక మాత్రం గెడ్డ నోటి నుంచి ఎగువకు నడిచే ఇంజినీరు నడకే. దైవం పేరు చెప్పగానే వాళ్లు విచారణ మొదలుపెడతారు, మనం ఆపేస్తాం. ఈ ఇద్దరిలో ఎవరిది లోతైన ఆస్తికత్వమో ఆలోచించుకోవాలి.

అలాంటప్పుడు చేయాల్సిందేమిటి? కాలువలు వెడల్పు చేయాలి, మదుముల్లో పూడిక తీయాలి, గెడ్డ నోట్లో ఇసుక మేటను వానల ముందే తవ్వాలి. ఇవి ప్రభుత్వం చేసేవి, అడిగి చేయించుకోవాల్సినవి. కాని కృతహాని దోషానికి అసలు మందు ఫలాన్ని చేసినవాడి దగ్గరే నిలపడం. డాబా నీటిని ఆ ఇంటి ఇంకుడు గుంతలోనే దింపితే పని ఫలం పని చేసినచోటే పండుతుంది; గెడ్డ నోటికి చేరే నీరు తగ్గుతుంది, మిగిలినది నింపాదిగా నడుస్తుంది, కూడే కాలం మళ్లీ సాగుతుంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వాననీటిని పట్టి నిలిపే కట్టడాలను అడిగింది. దాన్ని ప్లాను పాసవడానికి కాగితం మీద గీసే గుండ్రటి గీతగా చూసినంత కాలం అది చట్టంగానే ఉంటుంది, ధర్మం కాదు. ప్రాయశ్చిత్తమంటే తప్పు జరిగాక చేసే కర్మ అనుకుంటాం; ఇంకుడు గుంత తప్పు పొరుగువాడి ఇంటికి చేరకముందే చేసే ప్రాయశ్చిత్తం.

ఆషాఢ పౌర్ణమి వస్తే లక్షల మంది సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు నడుస్తారు. అడవివరం మీదుగా హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, అప్పూఘర్ దాటి, దారిలో సముద్ర స్నానం చేసి, వెంకోజీపాలెం, మాధవధార, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ పాదం చేరతారు. నైరుతి వానల నెలలో ఆ పాదాలు కొండ నీరు దిగే దారులన్నిటినీ అడ్డంగా దాటుతూ వెళ్తాయి. కొండకూ సముద్రానికీ మధ్య ఉన్నదంతా ఒకే క్షేత్రమని ఆ ప్రదక్షిణ ఏనాటి నుంచో చెబుతూనే ఉంది. గెడ్డ లెక్కలోనూ క్షేత్రమనే మాటకు అదే అర్థం: ఒక నోటికి నీరు చేర్చే నేలంతా. ప్రదక్షిణ చేసేవాడు దాటిన ప్రతి కాలువ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇది ఎక్కడి నుంచి వస్తోంది, ఎవరి గుమ్మం దగ్గర ఆగుతుంది అని అడిగితే ఆ నడకకు లోపమేమీ రాదు. నిజం దేవుడికి తెలుసు, సందేహం లేదు. కానీ కొండ కొసన పడ్డ చుక్క జాలరిపేట గుమ్మానికి ఎన్ని నిమిషాల్లో చేరుతుందో లెక్కగట్టే తెలివిని దేవుడు మనకూ ఇచ్చాడు. ఇచ్చాక కూడా తెలియదనడం ఆయన ముందు చెల్లే మాట కాదు.